కుండ గాత్రం

బేస్ అంటే ఏమిటో తెలియకుండానే, బేస్ అంటే నాకు పిచ్చి అని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ని నేను. ఈ తెలివితక్కువతనానికి సాక్షులు ఏలూరులో కొందరు, తాడేపల్లిగూడెంలో ఒకాయన, కొల్లేటి చెరువు గట్ల మీద నలుగురైదుగురు ఇంకా ఉన్నారు. వాళ్లు చెబితే ఉప్పూ కారం కలిపి చెబుతారు. అందుకని నేనే చెప్పేసుకుంటున్నాను.

మాది కొల్లేటి ఒడ్డు. మా చిన్నప్పుడు పాట అంటే గరాటా మైకే. ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం జరిగేటప్పుడు రాత్రిళ్లు నీళ్ల మీదుగా పాటలు వచ్చేవి. చలిరాత్రి నీటిని ఆనుకున్న గాలి చల్లగానూ, దాని పైన ఉన్నది కాస్త వెచ్చగానూ ఉంటుంది. అప్పుడు పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి చాలా దూరం వెళుతుంది. ఆ సంగతి అప్పట్లో మాకు తెలియదు. అమ్మవారి మహిమ అనుకునేవాళ్లం. ఎక్కడో మోగిన పాట మా అరుగు మీదికి వచ్చేది, మేం దుప్పట్లు కప్పుకుని వినేవాళ్లం.

అయితే గరాటా మైకుకి ఒక గుణం ఉంది. సుమారు 200, 300 హెర్ట్జ్‌ల కింద ఉన్న శబ్దాన్ని అది సరిగా పలకలేదు. బేస్ గిటార్ నాలుగు తీగల్నీ వట్టిగా మీటితే వచ్చే స్వరాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. అంటే వాటిలో ఒక్కటీ ఆ గరాటా దాటి బయటికి రాదు. ఇళయరాజా పాటల్ని నేను పైసగమే విని పెరిగానన్నమాట. కిందిసగం ఒకటుందని కూడా ఎరగను.

చదువుకని ఏలూరు పవర్‌పేటలో పెదనాన్నగారింట్లో దిగిన రోజుల్లో ఇళయరాజా తెలుగునాట రాజ్యమేలుతున్నాడు. 1988లో రుద్రవీణ, స్వర్ణకమలం, అభినందన. 1989లో గీతాంజలి, అదే ఏడాది శివ. టీ కొట్టులో అవే, మంగలిషాపులో అవే. అప్పుడే కుర్రకారులో ఒక మాట పుట్టింది: ‘బేస్ చూడరా!’ పక్కింటి కిటికీ అద్దాలు వణికితే బేస్ బాగున్నట్టు. వణక్కపోతే ఆ సెట్టు ఎందుకూ పనికిరానట్టు. ఇదే నా సంగీతశాస్త్రం.

ఆ శాస్త్రప్రకారం పాటల జాబితా రాసుకుని ఒక రికార్డింగ్ సెంటర్‌కి పోయాను. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, ‘బేస్ ఫుల్లు పెట్టి ఎక్కించండి, ట్రెబుల్ అక్కర్లేదు’ అన్నాను. కొట్టాయన నా మొహం ఒకసారి చూసి, ‘తర్వాత నన్ననకూడదు’ అన్నాడు. అనలేదు కూడా. బాలు, చిత్ర గోడ అవతల కూర్చుని పాడుతున్నట్టు వచ్చిన ఆ క్యాసెట్టుని, బేస్ బూస్ట్ మీట కూడా నొక్కి మరీ విన్నాను. చరణంలో ఒక్క మాట తెలియకపోయినా తల ఊపాను.

అదీ చాలలేదు. ‘స్పీకర్ని కుండలో పెట్టరా, థియేటర్ దిగొస్తుంది’ అని ఒక స్నేహితుడు ఉపదేశం చేశాడు. గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో ఈ కిటుకు తెలియని కుర్రాడు లేడు. పెద్దమ్మ వంటింట్లోంచి చల్లకుండ మాయం చేసి, దాని మూతిమీద స్పీకర్ బోర్లించి, గది మూలన పెట్టాను. మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి మంద్రాన్ని ఇంకా పెంచుతాయి. ఆ లెక్క నాకు తెలియదు గానీ, పెట్టిన చోటు మాత్రం సరిగ్గా కుదిరింది. మీట నొక్కగానే ‘బుమ్’ మంది. నా జన్మ ధన్యమైంది.

మూడోనాడు పెదనాన్న గుమ్మంలో నిలబడ్డారు.

‘ఏరా, ఆ కుండలో ఏవుందిరా?’

‘బేసండి, పెదనాన్నా.’

‘అయితే దాన్ని వేరే గిన్నెలోకి ఒంపుకుని కుండ ఇచ్చెయ్. మీ పెద్దమ్మ చల్ల చెయ్యాలంట.’

కుండ ఇచ్చేసి, కుమ్మరి దగ్గర సొంతకుండ కొనుక్కున్నాను. ఈసారి ఇంకా పెద్దది.

ఇక్కడ నా బుద్ధి ఎంత మందమో చెప్పాలి. మూతి వెడల్పు, మెడ పొడవు, లోపలి ఖాళీ, వీటిని బట్టి ప్రతి కుండకీ సొంత శ్రుతి ఒకటి ఉంటుంది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఈ లెక్క తేల్చిపెట్టాడు. స్పీకర్‌లోంచి ఏ పాట వచ్చినా, ఆ శ్రుతికి దగ్గరైన శబ్దాన్ని మాత్రమే కుండ పట్టుకుని పెద్దది చేస్తుంది. మిగతావాటిని పట్టించుకోదు. కాబట్టి నా గదిలో రుద్రవీణదీ అదే బుమ్, శివదీ అదే బుమ్. రేడియోలో విజయవాడ కేంద్రం నుంచి వార్తలు చదివేవారి గొంతు కాస్త కిందికి దిగిందా, ఆయనకీ అదే బుమ్. ముఖ్యమంత్రి పర్యటనక్కూడా బేస్ పలుకుతోందంటే తప్పు ఎక్కడో ఉందని గాడిదకైనా తట్టాలి. నాకు తట్టలేదు. వార్తలు ఎంత గంభీరంగా చదువుతున్నారో అని మెచ్చుకున్నాను. అన్నాళ్లూ నేను ప్రేమించింది ఇళయరాజా బేస్‌ని కాదు, మా కుండ గాత్రాన్ని.

ఇక బేస్ తెలిసినవాడినని నాకు నేనే బిరుదిచ్చుకున్నాక జరిగింది కొల్లేటి గట్టు మీది ముచ్చట. అప్పటికే కొల్లేటి చుట్టూ వరిచేలు చేపల చెరువులవుతున్నాయి. బొచ్చె, రాగండి లారీలెక్కి కలకత్తా పోతున్నాయి. సెలవులకి ఇంటికెళ్లి, కాపలా పాకలో స్నేహితుల్ని కూర్చోబెట్టి, బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో గీతాంజలి పెట్టాను. గుండెచప్పుడే తాళంగా వినిపించే యుగళగీతం వస్తోంది. నేను కళ్లు మూసుకుని వ్యాఖ్యానం మొదలెట్టాను. ‘వినండ్రా, అడుగున ఆ బేస్ ఎలా నడుస్తోందో. దబ్, దబ్, దబ్. ఒక్కచోట తప్పుతోందా? మనిషన్నవాడు వాయించేదేనా అది!’ అందరూ భక్తిగా విన్నారు. పాట అయిపోయింది. బేస్ ఆగలేదు.

పక్క చెరువులోకి నీళ్లు తోడుతున్న ఆయిలింజను అది. తెల్లవారేదాకా ఆడింది. ఆ రాత్రి నుంచి మా ఊళ్లో ఆయిలింజను ఎక్కడ మోగినా, ‘ఏరా, ఇళయరాజా వచ్చాడా?’ అని నన్నే అడిగేవాళ్లు.

అయినా మారలేదు. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లికి పోతే గానీ నా కళ్లు తెరుచుకోలేదు. ఆర్కెస్ట్రా పెట్టించారు. భోజనాలయ్యాక స్టేజీ పక్కన చేరాను. గాయకులు ముందు, కీబోర్డు ఒకవైపు, డ్రమ్ములు వెనకాల. ఆ డ్రమ్ముల నీడలో ఒక నడివయసు మనిషి గిటార్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆ గిటార్‌కి నాలుగే తీగలున్నాయి. గిటార్‌కి ఆరు తీగలుంటాయని నాకు తెలుసు. జాలేసింది. విరామంలో దగ్గరికెళ్లి అడిగాను.

‘మాస్టారూ, రెండు తీగలు తెగిపోయినట్టున్నాయండి. కొత్తవి వేయించుకోలేదా?’

ఆయన గిటార్ వంక చూసుకున్నాడు. ‘నాలుగింటికే డబ్బులిచ్చారు బాబూ’ అన్నాడు.

కీబోర్డు కుర్రాడు నవ్వాపుకోలేక స్టేజీ వెనక్కి పోయాడు. అది బేస్ గిటారనీ, దానికి నాలుగే తీగలుంటాయనీ అతనే తర్వాత చెప్పాడు. బేస్ అనేది స్పీకర్ చేసే మోత కాదు, ఒక మనిషి వాయించే వాద్యం అని నాకు తెలిసింది ఆ పెళ్లిలోనే.

ఆ మాస్టారు పగలు ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి బస్తాల లెక్కలు రాసి, సాయంత్రం ఒక అద్దెగదిలో ఆర్కెస్ట్రా వాళ్లతో సాధన చేసేవాడు. నేను ఏలూరులో పాసింజరెక్కి, దెందులూరు, భీమడోలు, పూళ్ల మీదుగా పోయి ఆ గదిలో గోడవారన కూర్చునేవాణ్ని. ఆయన ఉపన్యాసాలివ్వలేదు. ఒకరోజు పాట మధ్యలో వాయించడం ఆపేశాడు. కీబోర్డు మోగుతోంది, డ్రమ్ములు మోగుతున్నాయి, పాడేవాడు పాడుతున్నాడు. ఎవ్వరూ తప్పు చేయలేదు. కానీ పాట తేలిపోయింది. రెండు వరసలయ్యాక ఆయన మళ్లీ అందుకున్నాడు. పాట నిలబడింది. ‘తెలిసిందా?’ అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. మా కొల్లేట్లో నావ నడిపేది గెడ. దాని పని నీళ్ల అడుగున, కాబట్టి చూసేవాడికి నావ ఒక్కటే కనిపిస్తుంది. ఆయన పనీ అంతే.

మరోరోజు ఇంకో తమాషా చేశాడు. పాడేవాణ్ని ఒక్క గాంధారం మీదే నిలబెట్టి, కింద తన స్వరం మారుస్తూ పోయాడు. కింద షడ్జమం ఉన్నప్పుడు అది మామూలు అంతర గాంధారమే, నిశ్చింతగా ఉంది. షడ్జమాన్ని చతుశ్రుతి ధైవతానికి దించేసరికి అదే గాంధారం దానికి పంచమమై కూర్చుంది, పాటలో ఏదో దిగులు. శుద్ధమధ్యమానికి జరిగేసరికి అదే గాంధారం కాకలి నిషాదమై ఎక్కడికో పోవాలని తహతహలాడింది. పాడేవాడు గొంతు వెంట్రుకవాసి కదపలేదు. మారిందంతా అడుగునే. మన కచేరీలో తంబుర శ్రుతి మొదటి నుంచీ చివరిదాకా ఒకచోటే ఉంటుంది. దాని మీద రాగం నడుస్తుంది. ఇక్కడ అడుగున్న స్వరమే నడుస్తోంది. పైస్వరానికి అర్థం చెప్పేది అదే. గ్రహభేదం తెలిసినవాళ్లకి ఇందులో వింత లేదు. కుండ పెట్టుకున్నవాడికి మాత్రం లోకం తలకిందులైంది.

ఇంటికొచ్చి కుండ తీసేశాను. బేస్ బూస్ట్ మీట ఆపేశాను. తెలిసినవాళ్ల దగ్గర మంచి హెడ్‌ఫోన్ అడిగి తెచ్చుకుని, అరిగిపోయేలా విన్న పాటలే మళ్లీ మొదటి నుంచి విన్నాను. 1983 నాటి సాగర సంగమంలో బాలు, జానకి పాడిన మౌనం పాట ఉంది కదా. దాని పల్లవి కింద ఇంకో పాట నడుస్తోందని అప్పుడు తెలిసింది. గొంతు ఆగినచోట బేస్ కదులుతుంది. గొంతు కదిలేటప్పుడు అది ఒదిగి ఉంటుంది. ఎక్కడా గొంతుకి అడ్డం రాదు, ఎక్కడా దాని వెనకాల తోకలా పోదు. గీతాంజలి వానపాటలో అదే బేస్ కుర్రపిల్లతో పాటు చిందులేస్తుంది. ఇన్నేళ్లూ ఇదంతా నా ఇంట్లోనే, నా క్యాసెట్టులోనే ఉంది. నేను దాని మీద కుండ బోర్లించి కూర్చున్నాను.

ఇళయరాజా దగ్గర ఇది యాదృచ్ఛికం కాదు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాడు, తానే గిటార్ వాద్యకారుడు, బాఖ్ అంటే ప్రాణం. రెండు మూడు వరసలు దేని దారిన అది నడుస్తూ కలిసి ఒకే పాటవడం బాఖ్ సంగీతంలోని గొప్పతనం. ఆ పద్ధతిని ఇళయరాజా మన సినిమా పాట అడుగుకి తెచ్చాడు. వయొలిన్లకి రాసినట్టే బేస్‌కీ స్వరాలు కాగితం మీద తానే రాసిస్తాడు. రాసిన దానికి ప్రాణం పోయాలంటే వేళ్లు కావాలి. ఎన్నో పాటల్లో ఆ వేళ్లు శశిధరన్‌వి. ఆయన పేరు తెలియకుండా ఆయన వాయిద్యాన్ని కొన్ని వేలసార్లు విన్నవాళ్లు తెలుగునాట ఇంటికొకరుంటారు. నేను ఇంకా ఒక మెట్టు కింద. అక్కడ ఒక మనిషి ఉన్నాడనే తెలియదు.

ఈ విషయంలో అమెరికా మనకంటే మెరుగేమీ కాదని తర్వాత చదివి కాస్త ఊరట పొందాను. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ని మార్కెట్లోకి తెచ్చాక, నిలువెత్తు డబుల్ బేస్ మోసుకు తిరిగే బాధ తప్పి, బేస్ భుజానికి వేలాడే వాద్యమైంది. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి జేమ్స్ జేమర్సన్ అనే ఆయన ఆ వాద్యంతో, కుడిచేతి చూపుడువేలొక్కటే వాడి అద్భుతాలు చేశాడు. అరవైలలో ఆయన వాయించిన పాటలు ప్రపంచమంతా మోగాయి. రికార్డు అట్టమీద ఆయన పేరు పడడానికి మాత్రం 1971లో మార్విన్ గే ఆల్బమ్ దాకా ఆగాల్సివచ్చింది. మన దగ్గర ఆర్.డి. బర్మన్ పాటలకి బేస్ వాయించిన టోనీ వాజ్ పేరు ఎందరికి తెలుసు? ఈ పద్ధతి మార్చింది ఎ.ఆర్. రెహ్మాన్. ఆయన ఆల్బమ్‌ల లోపలి కాగితాల మీద వాద్యకారుల పేర్లు అచ్చవడంతో, ‘బేస్: కీత్ పీటర్స్’ అని చదువుకునే భాగ్యం మనకి దక్కింది.

తెలిసిపోయింది కదా అని బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. మిడిమిడి జ్ఞానం వచ్చాక మూర్ఖత్వానికి పదును పెరిగింది. ఒక సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ కొన్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి, పాట మాత్రం రాలేదు. ‘తీగలు లావుగా ఉన్నాయి, బట్టలారేసుకోడానికి పనికొస్తాయిలే’ అంది పెద్దమ్మ. దాన్ని ఎవరికో ఇచ్చేసి, వాయించడం రానివాడు చేసే పని మొదలుపెట్టాను. విమర్శ. ఎవరింటికెళ్లినా, ‘ఈ డబ్బాలో ఏం వినిపిస్తుందండీ, బేస్ లేందే!’ అనేవాణ్ని. వాళ్లు కాఫీ త్వరగా ఇచ్చి పంపేసేవాళ్లు.

మొన్నామధ్య మా మేనకోడలు సెల్‌ఫోన్ స్పీకర్లో పాట పెట్టుకుని వింటోంది. ‘ఆ గింజంత స్పీకర్లోంచి బేస్ రాదే అమ్మాయ్, నువ్వు వినేది పాట కాదు, పాట ఎముకలు’ అన్నాను. ‘నాకు వినబడుతోంది మావయ్యా’ అంది. నవ్వాను. పాట ఆపి, బేస్ వరసని నోటితో పాడి వినిపించింది. ఒక్క స్వరం తప్పలేదు.

ఆ పిల్ల చెప్పిందే నిజం. తీగ మీటితే ఒక్క మూలస్వరమే రాదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల శ్రుతిలో అనుస్వరాలూ పుడతాయి. చిన్న స్పీకర్ మూలస్వరాన్ని వదిలేసినా పై అనుస్వరాల్ని పలుకుతుంది. వాటి మధ్య దూరాన్ని బట్టి, లేని మూలస్వరాన్ని మన మెదడు తానే కట్టుకుంటుంది. స్పీకర్లోంచి రాని స్వరం చెవికి వినిపిస్తుంది. అంటే గరాటా మైకు బేస్‌ని పూర్తిగా మింగేసిందని ఇందాక నేను చెప్పిన మాట కూడా సగమే నిజం. శ్రద్ధగా విని ఉంటే ఆ వరస నడక అప్పుడే తెలిసేది. సెట్టుదీ మైకుదీ కాదు, నాదే లోపం. వేలు పోసి కొన్న వూఫర్ల దగ్గర నాకు దొరకనిది ఆ పిల్లకి ఫోన్లో దొరికింది. పాట ఎముకలన్నందుకు దానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ‘పర్లేదులే మావయ్యా’ అని మళ్లీ పాట పెట్టుకుంది.

గూడెం మాస్టారు ఇప్పుడు వాయించడం లేదు. చేతకాక కాదు, పిలిచేవాళ్లు లేక. కీబోర్డు వాయించే కుర్రాడే ఎడమచేత్తో ఆ పనీ చేసేస్తున్నాడు. లేదంటే ముందే తయారుచేసుకున్న ట్రాక్ వేసి వదిలేస్తున్నారు. స్టేజీ మీద ఒక మనిషి తగ్గాడు, ఖర్చు తగ్గింది. డబ్బాల సైజు మాత్రం ఏటేటా పెరుగుతోంది. బారాతుల్లో గుండెలదిరేలా మోగే ఆ డబ్బాల ముందు నిలబడి ‘బేస్ అదిరింది’ అంటున్న కుర్రాళ్లని చూస్తే కోపం రాదు. వాళ్లు కొన్న కుండ నాదానికంటే పెద్దది, అంతే.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇంట్లో శుభకార్యానికి ఆర్కెస్ట్రా మాట్లాడుకునేటప్పుడు, ‘బేస్ గిటార్ ఉంటుందా?’ అని అడగండి. ‘కీబోర్డులోనే వచ్చేస్తదండి’ అంటారు. ఒప్పుకోకండి. వాయించే మనిషిని తీసుకురమ్మనండి, మిగతావాళ్లతో సమానంగా డబ్బివ్వండి, పాడేవాళ్ల పేర్లతో పాటు ఆయన పేరు కూడా మైకులో చెప్పించండి. తీగలు నాలుగేమిటని మాత్రం అడగొద్దు.